ఇంటిబడి - రక్షణా? పలాయనమా? అమెరికా నల్లజాతి తల్లుల నిర్ణయం మీద ఒక చర్చ

అమెరికాలో నల్లజాతి తల్లిదండ్రులు కొందరు పిల్లల్ని బడి మానిపించి ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నారు. 2020 వసంతంలో, బడి వయసు పిల్లలున్న నల్లజాతి ఇళ్లల్లో 3.3 శాతం మాత్రమే ఈ పని చేస్తున్నట్టు అక్కడి జనాభా లెక్కల సంస్థ సర్వేలో తేలింది. అదే ఏడాది శరత్కాలానికి అది 16.1 శాతమైంది. దేశం మొత్తం మీద 5.4 నుంచి 11.1కి, అంటే రెండింతలైతే, నల్లవాళ్ల ఇళ్లల్లో దాదాపు ఐదింతలైంది. ఇది కోవిడ్ కాలపు అంకె. బళ్లు మూతబడ్డ రోజుల లెక్కని ఎప్పటికీ నిలిచే లెక్కగా పట్టుకోకూడదు. అయితే కంప్యూటర్ ముందు కూర్చుని బడి పాఠాలే వింటున్న పిల్లల్ని ఇందులో కలపొద్దని రెండోసారి ప్రశ్నలోనే స్పష్టంగా చెప్పారు. కాబట్టి ఇది బడి మూసేసినందుకు మాత్రమే వచ్చిన అంకె అని కొట్టిపారెయ్యడానికీ లేదు.

దీనిమీద అక్కడ రెండు గొంతులు గట్టిగా వినిపిస్తున్నాయి. ఒకటి ఉదారవాదులది. తరాల తరబడి పోరాడి సాధించుకున్న ప్రభుత్వ బడిని మీరే వదిలేస్తే ఎట్లా అని వాళ్లు బాధపడుతున్నారు. రెండోది మార్కెట్ వాదులది. చూశారా, నల్లవాళ్లు కూడా ప్రభుత్వ బడి వద్దంటున్నారు, ఇక ఆ డబ్బులు తల్లిదండ్రుల చేతికే ఇచ్చెయ్యండి అని వాళ్లు సంబరపడుతున్నారు. ఈ రెండు గొంతుల్లోనూ ఆ తల్లి మాట లేదు. ఒకరికి ఆమె దోషి, ఇంకొకరికి ఆమె సాక్షి. ఆమె ఎందుకు ఆ పని చేసిందో, చేశాక ఏ అస్తిత్వాన్ని తన బిడ్డకిస్తోందో అడిగినవాళ్లు తక్కువ.

మేం అడగదల్చుకున్నాం. మా ఇళ్లల్లో మొట్టమొదట యూనివర్శిటీ గడప తొక్కినవాళ్లం మేం. బడి లేకపోతే మేం లేం. అదే బడిలో పేరు కన్నా ముందు కులం అడిగించుకున్నవాళ్లమూ మేమే. బడి కావాలి, కానీ ఈ బడి కాదు అనే మాటలో ఉన్న ఇరకాటం మాకు బయటి విషయం కాదు.

చదువు నేరమైన చోట

ముందు ఒక అపోహ తొలగాలి. నల్లవాళ్లకి చదువు మీద శ్రద్ధ లేదు, అందుకే బడి మానిపిస్తున్నారు అనే మాట శుద్ధ అబద్ధం. 1740లోనే సౌత్ కరోలినాలో బానిసకి రాయడం నేర్పడం నేరం. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ తిరుగుబాటు తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలు ఇంకా బిగుసుకున్నాయి. ఫ్రెడరిక్ డగ్లస్‌కి బాల్టిమోర్‌లో యజమానురాలు అక్షరాలు దిద్దించడం మొదలుపెడితే ఆమె భర్త ఆపించాడు. చదువొచ్చినవాడు బానిసగా పనికిరాడన్నది ఆయన భయం. యజమాని దేనికి భయపడుతున్నాడో అదే తనకి కావల్సిందని ఆ పిల్లాడికి అప్పుడే తెలిసిపోయింది. ఆ తర్వాత వీధిలో తెల్ల పిల్లలకి రొట్టెముక్కలిచ్చి మరీ అక్షరాలు నేర్చుకున్నాడు. ఇది శంబూకుడి కథ తెలిసినవాళ్లకి వేరే వివరించాల్సిన పని లేదు.

కొన్ని చోట్ల అడవిలో గొయ్యి తవ్వి, పైన కొమ్మలు కప్పి, రాత్రిపూట అందులో దిగి చదువుకున్నారు. నల్లజాతి చరిత్రలో మొదటి 'ఇంటిబడి' అదే. అది బడిని కాదనుకుని పెట్టుకున్నది గాదు. బడి లేకుండా చేసినందుకు పెట్టుకున్నది.

బానిసత్వం రద్దయ్యాక వాళ్లు మొదట అడిగినవాటిల్లో భూమీ, బడీ ఉన్నాయి. దక్షిణాదిలో పన్నులతో అందరికీ నడిచే ప్రభుత్వ బడి అనే ఆలోచన ప్రధానంగా నల్లవాళ్లదేనని డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1935లో తన 'బ్లాక్ రీకన్‌స్ట్రక్షన్' గ్రంథంలో వాదించాడు. ఆ బడుల వల్ల పేద తెల్లవాళ్లూ బాగుపడ్డారు. 1912 నుంచి 1932 దాకా రోజెన్‌వాల్డ్ నిధితో గ్రామాల్లో దాదాపు 5,000 బడి కట్టడాలు లేచాయి. పేరు దాతది గానీ, చందాలేసుకున్నది, జాగా ఇచ్చింది, చాకిరీ చేసింది నల్ల రైతులు, కౌలుదార్లు. పన్ను కట్టారు, మళ్లీ చందా కట్టారు. ఒకే బడికి రెండుసార్లు డబ్బు కట్టిన జనం వాళ్లు. అట్లాంటివాళ్లు పిల్లని బడి మానిపించారంటే ప్రశ్న వేయాల్సింది వాళ్లని కాదు, బడిని.

కలిసి కూర్చున్నాక

1954 మే 17న బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు జాతుల వారీ బడులు చెల్లవంది. ఆ తీర్పు గొప్పది. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. కానీ ఆ తీర్పు వెనకున్న ఒక ఆలోచనని ఇవాళ మళ్లీ చూడాలి. కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు నల్ల పిల్లల ముందు నల్ల బొమ్మా, తెల్ల బొమ్మా పెట్టి ఏది మంచిదని అడిగారు. చాలామంది తెల్లదాన్ని చూపించారు. పిల్లల మనసుకి తగిలిన దెబ్బ అందరికీ కనబడింది. అయితే దాన్ని చదివిన తీరు చూడండి: దెబ్బ నల్లపిల్లలో ఉంది, మందు తెల్లపిల్లల పక్కన కూర్చోవడంలో ఉంది. తెల్లపిల్లకి వచ్చిన జబ్బు సంగతేంటి, తెల్ల టీచరుకి వచ్చిన జబ్బు సంగతేంటి అని ఎవరూ అడగలేదు.

అడిగినవాడు అంతకు ముందే ఉన్నాడు. 1935లో డుబోయిస్ 'నీగ్రోకి వేరు బడులు అవసరమా?' అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాశాడు. నల్లపిల్లకి కావల్సింది వేరు బడీ కాదు, కలిపిన బడీ కాదు, చదువు - ఇదీ ఆయన వాదన సారం. తనని మనిషిగా చూడని టీచరు కింద పిల్ల ఏం నేర్చుకుంటుంది అన్నది ఆయన ప్రశ్న. అందుకు సొంతవాళ్లే ఆయన్ని తప్పుబట్టారు. దానికి రెండేళ్ల ముందే, 1933లో, కార్టర్ వుడ్సన్ 'ది మిస్-ఎడ్యుకేషన్ ఆఫ్ ది నీగ్రో' రాశాడు. చదువుకున్నకొద్దీ నల్లవాడు తనవాళ్లకి దూరమై, తనని తానే తక్కువ చేసుకోవడం నేర్చుకుంటున్నాడన్నది ఆ పుస్తకం ఫిర్యాదు. ఇవాళ ఇంటిబడి తల్లుల మాటల్లో వినబడే రెండు భయాలూ - టీచరు చూపు, పుస్తకం చూపు - వీళ్లిద్దరూ అప్పుడే చెప్పినవి.

బ్రౌన్ తర్వాత ఏం జరిగింది? నల్లపిల్లలు తెల్లబడికి వెళ్లారు. తెల్లపిల్లలు నల్లబడికి రాలేదు. నల్లబడులు మూతబడ్డాయి. 1965 వరకూ 17 రాష్ట్రాల్లో సుమారు 38,000 మంది నల్ల టీచర్లు, హెడ్మాస్టర్ల ఉద్యోగాలు పోయాయి. పిల్లలు వెళ్లగలిగిన బడికి వాళ్ల టీచర్లు వెళ్లలేకపోయారు. విలీనం అంటే ఎవరు ఎవరిలో కలవాలో ముందే తేల్చి పెట్టుకున్న విలీనం అది. వెనెస్సా సిడిల్ వాకర్ 1996లో నార్త్ కరోలినాలోని ఒక నల్లబడి చరిత్ర రాస్తూ, డబ్బు లేని ఆ బడిలో పిల్లల మీద ఎంత పట్టింపు, ఎంత నమ్మకం ఉండేవో చూపించింది. బెల్ హుక్స్ కూడా 1994లో తన పుస్తకంలో నల్లబడిలో చదువంటే ఇష్టంగా ఉన్న తను, కలిపిన బడికి వెళ్లాక అది ఎట్లా లొంగుబాటు పాఠంగా మారిందో రాసింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత నల్లబడి స్వర్గం కాదు. తెల్లపిల్లలు వాడి పారేసిన పుస్తకాలు, చాలని గదులు, సగం జీతాలు. ఆ బడి మీద పిల్లలే తిరగబడిన చోటు కూడా ఉంది. ఇవాళ్టి ఇంటిబడి చర్చకి ఆ చోటు చాలా ముఖ్యం.

ప్రిన్స్ ఎడ్వర్డ్: అయిదేళ్లు బడి లేని పిల్లలు

వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ. ఫార్మ్‌విల్ పట్నంలో నల్లపిల్లల మోటన్ హైస్కూలు. గదులు చాలక తారుకాగితం అంటించిన షెడ్లల్లో పాఠాలు. 1951 ఏప్రిల్ 23న 16 ఏళ్ల బార్బరా జాన్స్ నాయకత్వంలో 450 మందికి పైగా పిల్లలు సమ్మె చేశారు. ఆ సమ్మెలోంచి పుట్టిన కేసు తర్వాత బ్రౌన్ కేసులో కలిసింది. అంటే చరిత్ర మార్చిన ఆ తీర్పులో బడిపిల్లల సమ్మె కూడా ఉంది.

తీర్పుని అమలు చెయ్యక తప్పని రోజొచ్చేసరికి, 1959లో, కౌంటీ పెద్దలు బడులకి డబ్బివ్వడం ఆపేశారు. మొత్తం ప్రభుత్వ బడులన్నిటికీ తాళం పడింది. తెల్లపిల్లల కోసం ప్రిన్స్ ఎడ్వర్డ్ అకాడమీ అనే ప్రైవేటు బడి వెలిసింది. దానికి ఫీజు సాయం ప్రభుత్వ డబ్బులోంచీ వచ్చింది. నల్లపిల్లలు పదిహేను వందల మందికి పైగా బడి లేకుండా మిగిలిపోయారు. 1964లో సుప్రీంకోర్టు ఆజ్ఞ వచ్చి ప్రభుత్వ బడి మళ్లీ తెరిచేదాకా అయిదేళ్లు. కొందర్ని చుట్టాల ఇళ్లకి, వేరే రాష్ట్రాలకి పంపించారు. చాలామంది పొలాల్లోకి పోయారు. కొందరు మళ్లీ బడిముఖం చూడలేదు.

ఈ కథలో ఒక సంగతి సాధారణంగా దాటేస్తారు. తెల్లవాళ్లు నల్లపిల్లలకి కూడా ఒక ప్రైవేటు బడి పెట్టుకోమని, సాయం చేస్తామని ముందుకొచ్చారు. నల్ల తల్లిదండ్రులు దాదాపు అందరూ వద్దన్నారు. దానికి ఒప్పుకుంటే కోర్టులో తమ కేసు పోతుందని వాళ్లకి తెలుసు. చర్చిల్లోనూ ఇళ్లల్లోనూ పిల్లల్ని కూర్చోబెట్టి చదివించారు. వాటిని 'శిక్షణ కేంద్రాలు' అన్నారు గానీ బడులనలేదు. బడి అంటే, ఇంకేం, మీకు బడి ఉంది గదా అంటారు.

అర్థం చేసుకోవాల్సింది ఇదీ. ఆ తల్లుల ముందు రెండు లెక్కలున్నాయి. ఒకటి బిడ్డ లెక్క. ఏడేళ్ల పిల్లకి ఒక సంవత్సరం పోతే అది పోయినట్టే. రెండోది జాతి లెక్క. కేసు గెలిస్తే రాబోయే పిల్లలందరికీ బడి. వాళ్లు రెండోదాన్ని ఎంచుకున్నారు. గెలిచారు. కానీ దాని ఖరీదు కట్టింది ఆ పిల్లలు. ఆ నష్టం ఎంతటిదంటే దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, 2004లో, వర్జీనియా ప్రభుత్వం అప్పటి పిల్లలకి - అప్పటికే నడివయసు దాటినవాళ్లకి - చదువుకోమని స్కాలర్‌షిప్పులు పెట్టాల్సొచ్చింది.

ఇవాళ ఇంటిబడి పెట్టుకున్న నల్లజాతి తల్లి మొదటి లెక్క ఎంచుకుంటోంది. నా బిడ్డ బాల్యం మీ తీర్పులకోసం ఆగదు అంటోంది. ప్రిన్స్ ఎడ్వర్డ్ తల్లుల త్యాగం తెలిసినవాళ్లెవరూ ఈమెని తేలిగ్గా నిందించలేరు. ఆ త్యాగం మళ్లీ చెయ్యమని అడిగే హక్కు, తన పిల్లల్ని మంచి బడికి పంపుకుంటున్న ఏ ఉదారవాదికీ లేదు.

బడిలో ఏముందని?

అసలు బడిలో ఏం జరుగుతోంది? అమెరికా విద్యాశాఖ పౌరహక్కుల విభాగం 2011-12 సంవత్సరపు లెక్కల్లో ఒక సంగతి బయటపెట్టింది. ప్రీస్కూల్ పిల్లల్లో నల్లపిల్లలు 18 శాతం. ఒకటి కన్నా ఎక్కువసార్లు సస్పెండైన పిల్లల్లో మాత్రం 48 శాతం. ఇది ప్రీస్కూలు! మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలు. తెల్లపిల్లాడు అల్లరి చేస్తే హుషారు, నల్లపిల్లాడు అల్లరి చేస్తే ప్రమాదం. 2017-18 నాటికి ప్రభుత్వ బడి టీచర్లలో 79 శాతం తెల్లవాళ్లు, నల్లవాళ్లు 7 శాతమే. 1954 తర్వాత పోయిన ఆ ఉద్యోగాల నీడ ఇంకా తరగతిలో ఉందన్నమాట. ఇక పాఠాల సంగతి. 2023 జనవరిలో ఫ్లోరిడా ప్రభుత్వం ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ కోర్సుని తమ హైస్కూళ్లల్లో చెప్పనివ్వమంది.

అయితే మంచి బడికి మారొచ్చు గదా? ఇక్కడ మన తెలుగువాళ్ల ప్రస్తావన తప్పదు. అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాల్లో ఇల్లు కొనేముందు అడిగే మొదటి మాట 'స్కూల్ డిస్ట్రిక్ట్ మంచిదేనా?' అని. బడి ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఇంటిపన్ను మీద నడిచే దేశం అది. ఖరీదైన ఇళ్లున్న చోట డబ్బున్న బడి. ఈ తేడా రాజ్యాంగ విరుద్ధం కాదని 1973లో టెక్సస్ రోడ్రిగెజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటేడు డెట్రాయిట్ మిలికెన్ కేసులో, నగరం నల్లపిల్లల్నీ శివారు తెల్లపిల్లల్నీ కలిపి బడులకి పంచే పథకాన్ని కొట్టేసింది. ఆ శివారు గోడల లోపలే మనవాళ్లు 'మంచి డిస్ట్రిక్ట్' కొనుక్కుంటున్నారు. 2011లో ఒహాయో రాష్ట్రంలో ఆక్రన్ నగరపు నల్లజాతి తల్లి ఒకామె, తండ్రి ఇంటి చిరునామా ఇచ్చి పక్క డిస్ట్రిక్ట్ బడికి కూతుళ్లని పంపినందుకు జైలుకెళ్లింది. మనవాళ్లు కొనుక్కున్నదే ఆమె దొంగిలించిందన్నమాట! బడి మారడం ఇట్లా నేరమైన చోట, ఇంటిబడి 'స్వేచ్ఛగా ఎంచుకున్న దారి' అని ఎట్లా అంటాం?

పరిశోధకులు చెప్పింది, చెప్పనిది

ఈ విషయం మీద వచ్చిన పనిలో రెండిటిని చూద్దాం. టెంపుల్ యూనివర్శిటీకి చెందిన ఆమా మజామా, ఆమెతో కలిసి గార్వీ లండీ 2012లో రాసిన వ్యాసంలో నల్లజాతి ఇంటిబడిని 'జాతి రక్షణ' అన్నారు. మత విశ్వాసం కోసమో, విద్యా ప్రయోగం కోసమో బడి మానిపించే తెల్ల తల్లిదండ్రుల కారణాలు వేరు, వీళ్లవి వేరు అని గట్టిగా చెప్పారు. ఇది పెద్ద మేలు. అప్పటిదాకా ఇంటిబడి మీద రాతల్లో నల్లవాళ్లు ఒక పక్క అంకెగా మాత్రమే ఉన్నారు.

కానీ 'రక్షణ' అనే మాటలో ఒక చిక్కుంది. రక్షణ అనగానే ఒక గోడ. గోడకి ఇవతల స్వచ్ఛమైన ఆఫ్రికా అస్తిత్వం, అవతల కల్తీ చేసే తెల్లలోకం. నల్లతనం ఇంట్లో పెట్టెలో దాచిన నగలాంటిదనీ, తీసి పిల్ల మెడలో వేస్తే చాలనీ అనిపిస్తుంది. అస్తిత్వం అట్లా ఉంటుందా? హైటీ నుంచి వచ్చిన నల్లవాళ్లున్నారు, నైజీరియా నుంచి వచ్చినవాళ్లున్నారు, ముస్లింలున్నారు, సగం తెల్ల రక్తం ఉన్న పిల్లలున్నారు. నల్లవాళ్లల్లోనే చామనఛాయకీ కారునలుపుకీ తేడాలున్నాయి. డాక్టరు కూతురుంది, బస్సు డ్రైవరు కూతురుంది. వీళ్లంతా నల్లవాళ్లం అని ఎక్కడ కలుసుకుంటారు? ఒక్కొక్కరూ ఒక్కో వంటగదిలో చదువుకుంటే కలుసుకునేదెట్లా? అస్తిత్వం టీకా కాదు, ఇంట్లో ఒకసారి వేసి బయటికి పంపడానికి. అది సాటివాళ్ల మధ్య పుట్టేది, మాటా మాటా పెరిగి పదునెక్కేది.

జార్జియా యూనివర్శిటీ పరిశోధకురాలు షెరిల్ ఫీల్డ్స్-స్మిత్ పని ఇంకో దారిలో నడిచింది. 2020లో ఆమె ఒంటరి నల్లజాతి తల్లుల ఇంటిబడి మీదనే ఒక పుస్తకం తెచ్చింది. ఇంటిబడి అంటే డబ్బున్న, మగడు సంపాదించే ఇళ్లల్లో జరిగేదనే అభిప్రాయాన్ని అది బద్దలుకొట్టింది. బెల్ హుక్స్ 1990లో చెప్పిన 'ఇల్లే ప్రతిఘటన స్థలం' అనే ఆలోచనని ఆధారం చేసుకుంది. బాగానే ఉంది. అయితే హుక్స్ చెప్పిన ఇల్లు, నల్ల ఆడవాళ్లు పగలంతా తెల్లవాళ్ల ఇళ్లల్లో చాకిరీ చేసొచ్చి రాత్రి తమవాళ్లని మళ్లీ మనుషుల్ని చేసుకున్న ఇల్లు. ఆ పనిలోని బరువుని ఆమె మరవలేదు. ఇంటిబడిలో ఆ బరువు ఇంకా పెరుగుతుంది. ప్రభుత్వం చెయ్యాల్సిన పని, పన్ను తీసుకుని చెయ్యని పని, తల్లి నెత్తినెక్కుతోంది. జీతం లేదు, సెలవు లేదు. దీన్ని ప్రతిఘటన అని పొగిడి ఊరుకుంటే ప్రభుత్వం నెత్తిమీంచి బరువు దించినట్టే అవుతుంది.

ఇంకో మాట. 2003లో పౌలా పెన్-నాబ్రిట్ తన కొడుకులకి ఇంట్లో చదువు చెప్పుకున్న అనుభవం మీద పుస్తకం రాసింది. ఆ ఇంటి చదువు ఐవీ లీగ్ యూనివర్శిటీలకి చేర్చిందన్న మాట శీర్షికలోనే ఉంది. తల్లి గర్వం మాకు అర్థమవుతుంది. కానీ బడిని కాదని బయటికొచ్చాక కూడా గెలుపుని కొలిచే బద్ద ఎవరిది? గడప మారింది, గుమ్మం మారలేదు. ఐవీ లీగ్‌కి వెళ్లని పిల్ల ఇంటిబడి ఓడిపోయినట్టా?

ఎవరింట్లో అద్దెకుంటున్నారు?

ఇంటిబడి ఉద్యమం చరిత్ర కూడా చూడాలి. 1970ల్లో జాన్ హోల్ట్ లాంటి స్వేచ్ఛావాదులు దాన్ని మొదలుపెట్టినా, 1980ల్లో దాన్ని పెంచి చట్టాలు మార్పించింది ఎక్కువగా తెల్ల క్రైస్తవ మితవాదులు. వాళ్ల మార్గదర్శకుల్లో ఒకడైన రష్డూనీ అమెరికా బానిసత్వాన్ని వెనకేసుకొచ్చినవాడు. ఇంటిబడి మార్కెట్లో చాలాకాలం రాజ్యమేలిన పుస్తకాల్లో బాబ్ జోన్స్ యూనివర్శిటీ ముద్రణాలయానివి ఉన్నాయి. జాతులు దాటిన ప్రేమల్ని నిషేధించినందుకు పన్ను మినహాయింపు పోగొట్టుకుని, 1983లో సుప్రీంకోర్టులో ఓడిపోయి కూడా, 2000 దాకా ఆ నిషేధం ఎత్తెయ్యని సంస్థ అది. తెల్లబడి పుస్తకం వద్దని ఇంటికొచ్చిన తల్లి ముందు అంగడిలో కనబడేది ఆ పుస్తకం! అందుకే నల్లజాతి కుటుంబాలు 2000లో లూసియానాలో మొదలైన నేషనల్ బ్లాక్ హోమ్ ఎడ్యుకేటర్స్ లాంటి సొంత సంఘాలు కట్టుకోవాల్సొచ్చింది.

డబ్బు సంగతి ఇంకా చిక్కు. 2020లో డెట్రాయిట్‌లో నల్లజాతి తల్లులు 'ఎంగేజ్డ్ డెట్రాయిట్' పేరుతో ఒక సహకార ఇంటిబడి పెట్టుకున్నారు. వాళ్లకి సాయం చేసిన వెలా నిధి వెనక వాల్టన్ కుటుంబ సంస్థ, కోక్ సంస్థ ఉన్నాయి. ప్రభుత్వ బడికి బదులు మార్కెట్ రావాలని ఏళ్లతరబడి డబ్బు ధారపోస్తున్న శక్తులివి. 2022లో అరిజోనా, బడి డబ్బుని తల్లిదండ్రుల ఖాతాల్లోకి మళ్లించే పథకాన్ని అందరికీ తెరిచింది. ప్రిన్స్ ఎడ్వర్డ్‌లో తెల్ల అకాడమీకి ఫీజు సాయం ఇచ్చింది కూడా 'తల్లిదండ్రుల ఇష్టం' పేరుతోనే. ఆనాడు నల్లపిల్లల నుంచి పారిపోవడానికి తెల్లవాళ్లు తెరుచుకున్న తలుపులోంచి ఇవాళ నల్లతల్లి బయటపడుతోంది. ఆమె కారణం న్యాయమైనదే. కానీ తలుపు తాళంచెవి ఎవరి మొలలో ఉందో మరవకూడదు.

గొయ్యి నుంచి ఉమ్మడి బడికి

మరి దారేది? నల్లజాతి చరిత్రలోనే ఉంది. 1964 వేసవిలో మిసిసిపీలో 40కి పైగా ఫ్రీడమ్ స్కూళ్లు నడిచాయి. రెండు వేలకి పైగా పిల్లలు, పెద్దలు చర్చిల్లో, అరుగుల మీద, చెట్లకింద చదువుకున్నారు. నల్లజాతి చరిత్రతో పాటు ఓటు, రాజ్యాంగం, మా ఊళ్లో ఎందుకిట్లా ఉంది అనే ప్రశ్న అక్కడ పాఠాలయ్యాయి. ఓక్లాండ్‌లో బ్లాక్ పాంథర్లు 1982 దాకా ఒక కమ్యూనిటీ స్కూలు నడిపారు. పిల్లలకి మొదట కడుపునిండా తిండి, తర్వాత చదువు. బొంబాయిలో 1972లో దళిత పాంథర్లు తమ పేరు ఎవరి దగ్గర తీసుకున్నారో అందరికీ తెల్సు. పేరు తీసుకున్నాం గానీ వాళ్ల బడిని మనం పెద్దగా పట్టించుకోలేదు.

అడవిలో గొయ్యి బడి, ప్రిన్స్ ఎడ్వర్డ్ చర్చి కేంద్రం, ఫ్రీడమ్ స్కూలు - ఇవన్నీ ప్రభుత్వ బడికి బయటివే. కానీ ఒక ఇంటివి కావు. పక్కింటి పిల్ల కూడా అందులో ఉంది. అందుకే మేం ఇంటిబడిని కొలవడానికి ఒకే ప్రశ్న పెట్టుకుంటాం: ఆ బల్లముందు ఎవరి పిల్లలు కూర్చున్నారు? కూలికెళ్లే తల్లి బిడ్డ కూడా అక్కడ కూర్చోగలిగితే, మళ్లీ బడి మీదికి పోరాటానికి వెళ్లే దారి అందులో ఉంటే, అది రక్షణే. తన బిడ్డ ఒక్కతే గట్టెక్కితే చాలనుకుంటే, ఎంత ఆఫ్రికా చరిత్ర చెప్పినా, అది ఆ మంచి డిస్ట్రిక్ట్‌లో ఇల్లు కొనుక్కోవడం లాంటిదే.

మన దగ్గర

మనకి 'ఇల్లే బడి' అనే మాట వినగానే గుండె గుభేలుమంటుంది. కారణముంది. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గ్రామాల్లో బడిని సగం పూటకి తగ్గించి, మిగతా పూట పిల్లలు ఇంట్లో తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నాడు. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలింకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. చెప్పులు కుట్టేవాడి కొడుకు చెప్పులే కుట్టాలనే ఆ పథకాన్ని ద్రావిడ ఉద్యమం 'కులచదువు' అని పిలిచి ఎండగట్టింది. 1954లో కామరాజ్ దాన్ని ఎత్తేశాడు. బ్రాహ్మడి ఇంటిబడి వేదమైతే, మన ఇంటిబడి పారా, తోలూ, చీపురూ. కాబట్టి మనం ఇంటిబడిని నల్లవాళ్ల దగ్గర్నుంచి ఉన్నపళంగా ఎత్తుకొచ్చుకోలేం. మా అమ్మలకి అక్షరం రాదు. వాళ్లు మాకివ్వగలిగిన చదువంతా మమ్మల్ని బడికి తోలడమే.

కానీ నేర్చుకోవాల్సింది వేరే ఉంది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందువుల పిల్లలకి తెలుగులో బడులు పెట్టించాడు. తర్వాత వాటిని నిజాం ప్రభుత్వం తీసుకునేలా చేశాడు. మొదట సొంత బడి, తర్వాత ప్రభుత్వం మీద హక్కు. రెండు లెక్కల్నీ కలిపిన పని అది. బిడ్డ సంవత్సరం పోలేదు, జనం కేసూ పోలేదు.

సహవాసి అనువదించిన 'ఏడు తరాలు' చదివి కుంటా కింటే కోసం కన్నీళ్లు పెట్టుకున్న తెలుగు పాఠకులు ఎందరో. ఆ కుంటా కింటే మునిమనవరాలు ఇవాళ బిడ్డని ఎందుకు బడి మానిపిస్తోందని అడిగితే మాత్రం, చదువు విలువ తెలీదని పెదవి విరుస్తారు. మన వాడల్లో పిల్ల బడి మానేసినా అనేది ఆ మాటే. వెళ్లిపోయిన పిల్లని లెక్కపెట్టేవాళ్లున్నారు. ఎవరు వెళ్లగొట్టారో లెక్కపెట్టేవాళ్లు కావాలి. ఆ లెక్క రాయడం మన టీచర్ల పని, మన విద్యార్థి సంఘాల పని. నల్లజాతి తల్లులు తమ వంతు లెక్క ఎప్పుడో చెప్పేశారు.